నీటిగుర్రం గృహప్రవేశం

“ఊరు ఊరంతా ఉక్కు ఫేక్టరీ కడతంటే, మా అల్లుడు నీటిగుర్రానికి నీళ్లతొట్టి కడతన్నాడు.”

ఎనభైల తొలి సంవత్సరాల్లో మా నాన్న ఈ మాటను ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ కాఫీతో పాటు అందించేవారు. ఆయన పోర్టులో క్రేన్లు బాగుచేసే విభాగంలో ఫోర్‌మన్. నిర్మాణమన్నాక కింద నిలబడి చూస్తే మెడ నొప్పి పుట్టాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ లెక్కన మా బావ కడుతున్నది నిర్మాణమే కాదు. అది నేలమీదినుంచి పైకి లేవదు సరికదా, కిందికి దిగుతుంది.

బావ అంటే మా అప్ప భర్త. అక్కను మా వైపు అప్ప అంటాం. నాకంటే పెద్దవాడైనా మేమిద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళం. డిప్లొమా చదివి, ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రాయింగులు గీసే పనిలో చేరాడు. కొన్నాళ్ళు ఫిషింగ్ హార్బరులో పడవలు లాగే వాలుగట్టుల పటాలు గీశాడు. ఆ కాంట్రాక్టరుకే మా ఊరి జూలో పని దొరకడంతో బావ కూడా అక్కడికి మారాడు. తోటి డిప్లొమాల వాళ్ళందరూ ఉక్కు ఫ్యాక్టరీ పనుల్లో హెల్మెట్లు పెట్టుకుని తిరుగుతుంటే, ఇతను తలకు తువ్వాలు చుట్టుకుని కోతుల మధ్య తిరిగేవాడు.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. కాలేజీ వక్తృత్వ పోటీల్లో మా జట్టుకు నేను నాయకుణ్ణి. ఏ వాక్యాన్నయినా రుజువు అడగకుండా వదిలిపెట్టకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. ఆ నియమం వల్ల ఇంట్లో నాకు అన్నం ఆలస్యంగా దొరికేది గాని, మనస్సు మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండేది. ఆ ఏడాది అంతర్ కళాశాల పోటీకి ఇచ్చిన అంశం, మూగజీవాలను బంధించే హక్కు మనిషికి లేదు అనేది. నేను అనుకూలంగా మాట్లాడాలి. మాట్లాడటమే కాదు, ఆ మాటను నిజంగా నమ్మాను కూడా.

“అయితే జూకి వొచ్చి సూడు బావా,” అన్నాడు బావ. “సూడకుండా తిడితే నీ పాయింటుకి బలముండదు.”

తర్కపరంగా అది కాదనలేని మాట. ఆదివారం ఉదయం బస్సెక్కాను.

మద్దిలపాలెం, హనుమంతవాక దాటాక ఊరు పలచబడుతుంది. ఒక పక్క కొండ అడవిని కప్పుకుని కూర్చుంటుంది, మరో పక్క సముద్రం కనిపించీ కనిపించకుండా వెంట వస్తుంది. ఆ రెంటికీ నడుమ ఉంది జూ. నేను అభ్యంతరాలతో వెళ్ళాను. మొదటి గంటలోనే వాటిని జేబులో దాచుకుని నోరు తెరుచుకుని నడవాల్సి వచ్చింది.

అలుగును నేను మొదటిసారి చూసింది అక్కడే. ఒంటినిండా పెంకులు తొడుక్కుని, తోక ఊనుకుని, ముందు చేతులు రెండూ ఛాతీ దగ్గర ముడుచుకుని, పెళ్ళివారిని ఆహ్వానించడానికి నిలబడ్డ పెద్దమనిషిలా వంగి నడిచింది. చేపను చెయ్యబోయిన వాడెవడో సగంలో మనసు మార్చుకున్నాడనిపించింది. కొమ్ముపిట్ట ముక్కు మీద ఇంకో ముక్కు ఉంది. గూడబాతు గొంతు కింద సంచీ చూస్తే పూర్ణా మార్కెట్‌కు బయలుదేరిన మా అమ్మ గుర్తొచ్చింది.

కాని నన్ను ఇంకా పట్టి నిలిపినవి వాటి ఇళ్ళు. జిరాఫీ ఇంటి తలుపు సన్నగా, రెండంతస్తుల ఎత్తున ఉంది. ఏ తాపీ మేస్త్రీకైనా ఆ తలుపు పిచ్చివాడి పనిలా కనబడుతుంది, జిరాఫీ అందులోంచి తల వంచకుండా బయటికి వచ్చేదాకా. గుడ్లగూబల ఇంటికి వెళ్ళే దారి ఒకటికి రెండు మలుపులు తిరుగుతుంది. ఆ మలుపుల్లో మన కళ్ళు చీకటికి అలవాటుపడతాయి. గోడలకు బయటే ఉన్నా ఆ మలుపులు కూడా ఇంటిలో భాగమే. మనుషులు వీధి ఏమనుకుంటుందో అని ఇల్లు కట్టుకుంటారు, ఇక్కడ మాత్రం ఒంటి కొలతలు తీసుకుని చొక్కా కుట్టినట్టు ఇల్లు కట్టారు. బంధించడం తప్పని నేను అప్పటికీ అనుకుంటూనే ఉన్నాను. అయితే ఇంత శ్రద్ధగా చేసిన తప్పును అంతకుముందు చూడలేదు.

బావ తన పనిని చివరికి అట్టేపెట్టాడు.

ముందు నాకు ఏమీ కనిపించలేదు. మోకాలి కంటే కాస్త ఎత్తున్న ఒక చిన్న గోడ, దాని మీద బోగన్‌విల్లా తీగ. అవతల గడ్డి, నీలాకాశాన్ని పట్టుకున్న ఒక కొలను, ఆ వెనక బండరాళ్ళలా పోతపోసిన గోడ, దాని వెనక నిజమైన కొండ. పోత ఎక్కడ ఆగిందో కొండ ఎక్కడ మొదలైందో పట్టుకోలేకపోయాను.

“ఊచలేవీ?” అన్నాను.

“నీ కాళ్ళ దగ్గర.”

గోడ మీదినుంచి వంగి చూశాను. గోడకు అవతల లోతైన కందకం ఉంది. అడుగుకు పోయేకొద్దీ ఇరుకయ్యే కందకం. మనిషి నిలబడ్డ చోటునుంచి అది కనబడదు. జంతువు దానిలోకి దిగదు, దిగినా మన వైపు ఎక్కలేదు.

“ఊసలు గీసిన పటం ముందు వొచ్చింది,” అన్నాడు బావ. “నాను ఇంజినీరు గారి కాళ్ళట్టుకున్నంత పని సేసి మార్పించాను. ఆ కొలన్లోకి దిగే వాలు సూసినావా? పడవల్ని లాగుతారు సూడు హార్బరులో, ఆ వాలే. గీతలు కూడా అవే, కాలు జారకుండా.”

పడవల కోసం పుట్టిన వాలుగట్టు నీటిగుర్రం కాళ్ళ కిందికి వచ్చిందన్నమాట. ఆ క్షణాన నాకు మా బావ మీద కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. అతను తన పేరు పెట్టి చెప్పుకోగలిగిన మొదటి పటం అది.

“దీంట్లో ఉండడం దానికి ఇష్టమో కాదో ఎవరైనా అడిగారా?” అన్నాను, నియమం తప్పకుండా.

“నువ్వే అడుగు బావా. ఇంగ్లీషులో అడుగు, గౌరవంగా ఉంటాది.”

ఆ తర్వాత కొన్నాళ్ళకు నీటిగుర్రం వేరే ఊరి జూనుంచి లారీలో వచ్చింది. దాన్ని కొలనుకు వెనక ఉన్న గదిలో దింపారు. ఆ గదిలో చిన్న తొట్టి ఉంది. గదికీ వాలుకూ మధ్య గొలుసుతో పైకి లాగే ఇనుప జాలీ తలుపు. తలుపు ఎత్తగానే అది వాలు దిగి కొలనులో పడుతుందనీ, జనం చప్పట్లు కొడతారనీ బావ పటంలో గీయకపోయినా ఊహలో గీసుకునే ఉంటాడు.

తలుపు ఎత్తారు. నీటిగుర్రం గడప దాకా వచ్చింది. బయటికి చూసింది. ఆ చిన్న చెవులు రెండూ విసనకర్రల్లా ఆడించింది. తర్వాత, అంత పెద్ద శరీరం వెనక్కి నడవగలదని నేనెప్పుడూ ఊహించలేదు, లారీని రివర్సు చేసినట్టు నెమ్మదిగా గదిలోకి వెళ్ళిపోయింది.

మరునాడూ అంతే. వాలు మీద చెరకు పెట్టారు, అరటిగెల పెట్టారు. మెడ చాచితే అందినవి తిని, అందనివాటిని త్యాగం చేసింది. గదిలోని తొట్టిలో నీళ్ళు తగ్గించి చూశారు. బురదలో పడుకుంది గాని బయటికి రాలేదు. వారం గడిచింది. నేను కాలేజీ అయ్యాక రోజూ అక్కడికే వెళ్ళేవాణ్ణి. నా వాదానికి ఉదాహరణగా పనికొచ్చే జంతువు నా వాదాన్నే తలకిందులు చేస్తోంది. తలుపు తెరిచి ఉంది, ఎదురుగా ఆకాశం ఉంది. అది మాత్రం ఇరుకు గదినే ఎంచుకుంటోంది. ఇది బంధించడమా, కాదా? నా కాగితాల్లో ఈ ప్రశ్నకు చోటు లేదు.

బావకు ఇంకా గట్టి చిక్కు వచ్చిపడింది. ఇంజినీరు గారు మంచివారే, కాని పై అధికారులకు జవాబు చెప్పుకోవాల్సిన మనిషి. “వచ్చే ఆదివారానికి జనాన్ని రమ్మన్నాం. అప్పటికి అది బయటికి రాకపోతే ఈ కొలను పూడ్చేద్దాం. గదినే పెద్దది చేసి, ముందు ఊచలు బిగించి చూపిద్దాం” అన్నారు. మొదట వచ్చిన పటంలో ఉన్నది అదే. ఆ సాయంత్రం బావ చిన్న గోడ మీద కూర్చుని, బోగన్‌విల్లా ఆకులు ఒక్కొక్కటే తుంచి కందకంలోకి వదిలాడు. నాన్న మాటలకు నవ్వేసే మనిషి, ఆ రోజు మా ఇంటికి భోజనానికి రానన్నాడు.

అప్పుడు నోరు విప్పింది పనివాళ్ళ ముఠాలో పెద్దావిడ. విజయనగరం అవతలి పల్లెనుంచి వచ్చి సిమెంటు కలిపే గుంపుకు ఆమే మేస్త్రి, ఆమే కోర్టు.

“గురుపెవేశం సేసినారేటి?” అంది.

“దేనికి?” అన్నాడు బావ.

“ఇంటికి! పాలు పొంగించనేదు, ఆవుని తిప్పనేదు, గుమ్మడికాయ కొట్టనేదు. బుద్ధున్నోడెవుడైనా కొత్తింట్లో కాలెడతాడేటి? దానికున్న గేనం మీకు నేదు.”

నేను ముందుకు వచ్చాను. గృహప్రవేశమనేది మనుషుల ఆచారమనీ, జంతువుకు ఆచారం తెలియదనీ, తెలియని ఆచారం లోపించిందని అది అలగడం అసంభవమనీ మూడు మెట్లలో నిరూపించాను. ఆమె తట్ట దించి శ్రద్ధగా విన్నది.

“అయితే నువ్వు సెప్పు బాబూ, ఎందుకు రావట్నేదో.”

నాకు తెలియదు.

“మరి తెలీనప్పుడు పాలు పొంగిత్తే నీకేటి నొప్పి?”

పోటీల్లో నన్ను ఇంత సూటిగా ఎవరూ నిలబెట్టలేదు. ఆమె చెప్పింది నిజమని నేను ఒప్పుకోలేదు. అయినా మరునాడు పొద్దున్నే పూర్ణా మార్కెట్‌లో బూడిద గుమ్మడికాయ కొని, ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. కాలేజీలో మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా మాట్లాడి రెండు బహుమతులు గెలిచినవాణ్ణి. మా తెలుగు లెక్చరరు గారు అదే బస్సెక్కి, నన్నూ కాయనూ మార్చి మార్చి చూసి, ముందు సీటుకు వెళ్ళిపోయారు.

జాలీ తలుపుకు ఇవతల, వాలు పైభాగాన మూడు ఇటుకల పొయ్యి వెలిగించారు. మా అప్ప పట్టుచీర కట్టుకుని పాలగిన్నెతో వచ్చింది. మామిడాకుల తోరణం జాలీకి కడితే, అవతలినుంచి నీటిగుర్రం అందినంత మేర తినేసింది. కొండ కింది కాలనీలోంచి పిలుచుకొచ్చిన పంతులు గారు కుర్రవాడు. ఆయనకు విషయం సగమే చెప్పినట్టున్నారు. సంకల్పం దాకా వచ్చి, “యజమాని గోత్రం?” అని అడిగి, తలెత్తి జాలీలోంచి చూశాడు. ఆ పెద్ద మూతి ఆయన వైపు ఊపిరి వదిలింది.

అందరూ బావ వంక చూశారు. బావ నా వంక చూశాడు.

పంతులు గారు తేరుకున్నాడు. పండిన పెద్దల గాంభీర్యంతో, “గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు,” అని ధారాళంగా సాగించాడు. కాశ్యప గోత్రోద్భవస్య అని ఆయన పలికినప్పుడు నీటిగుర్రం నోరు తెరిచింది. ఆ గులాబిరంగు గుహను చూసి మా అప్పకు నవ్వు ఆగలేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అది శుభమేనని పెద్దావిడ తీర్పు చెప్పింది. నీటిగుర్రాన్ని చూసుకునే కీపరు చర్చికి వెళ్ళే మనిషి. “మనది కూడా ఒకటి ఏసీద్దాం, పోయిందేటి?” అని కళ్ళు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకున్నాడు.

తర్వాత ఆవు. పక్క గేటులోంచి ఆవునూ దూడనూ తోలుకొచ్చారు. ఆవు ఏ సందేహమూ లేకుండా పడవల వాలు దిగింది. కొలనులో నీళ్ళు తాగింది. దూడ గంతులు వేసి గడ్డిని పరీక్షించింది. తిరిగి వస్తూ ఆవు వాలు మధ్యలో ఆగి, సున్నంలా మెరుస్తున్న ఆ కొత్త సిమెంటు మీద నిండుగా పేడ వేసింది. బావ ప్రాణం పోయినంత పనైంది. దాన్ని తీసెయ్యబోతే పెద్దావిడ గదమాయించింది. “లచ్చిందేవిని ఊడ్సీత్తావేటి? వొగ్గీ!”

చివరికి గుమ్మడికాయ. కర్పూరం వెలిగించి, తిప్పి, గడప ముందు కొట్టారు. నేను మోసుకొచ్చిన కాయ వాలు పొడవునా ముక్కలై జారింది. అందరం బయటికి వచ్చి చిన్న గోడ దగ్గర నిలబడ్డాం. కీపరు గొలుసు లాగాడు. తలుపు లేచింది.

నీటిగుర్రం గడప దాకా వచ్చింది. ఆగింది. బావ చెయ్యి నా మోచేతి మీద పడింది. అది ముక్కు నేలకు ఆనించింది. గుమ్మడిముక్క ఒకటి తిన్నది. ఇంకో ముక్క కోసం ముందుకాలు బయట పెట్టింది. పేడ దగ్గర చాలాసేపు నిలబడి, ఉత్తరం చదువుతున్నట్టు వాసన చూసింది. తరువాత, సొంతింట్లో నడుస్తున్నంత తేలిగ్గా, వాలు మీది గీతల్లో పాదాలు ఆన్చుకుంటూ దిగి, కొలనులోకి జారింది. నీళ్ళు గట్టు దాటి గడ్డిని తడిపాయి. కాసేపటికి రెండు చెవులూ, రెండు కళ్ళూ, రెండు ముక్కురంధ్రాలూ పైకి తేలి మమ్మల్ని చూశాయి.

బావ అరవలేదు, గంతులు వెయ్యలేదు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకుని, మళ్ళీ చుట్టుకోవడం మర్చిపోయాడు.

వెంటనే వాదం మొదలైంది. ఆవు నడిచింది కనుక వాలు గట్టిదని దానికి తెలిసిందన్నాడు బావ. “దిష్టి గుమ్మడికాయ తినీసిందమ్మా, ఇప్పుడేటి గతి?” అని ఒకామె బెంగపడితే, “ఊరందరి దిష్టీ దాని కడుపులోకెల్లిపోయింది, ఇక దానికెవుడి దిష్టి తగుల్తాది?” అంది పెద్దావిడ. కీపరు ఆకాశం వంక చూపించాడు. పంతులు గారు గోత్రం గురించి వినయంగా గుర్తుచేశాడు. సిమెంటు వాసనను పేడ వాసన చంపేసి ఉంటుందని నేను ప్రతిపాదించాను. “అంటే పేడే గెలిపించిందంటావ్,” అంది అప్ప. “ఆ మాట మీ పోటీలో సెప్తావేట్రా?”

చెప్పాను. శుక్రవారం వేదిక మీద అనుకూలంగానే మాట్లాడాను. బంధించే హక్కు మనకు లేదనే అన్నాను, ఇప్పటికీ అంటాను. కాని బంధించినవాడు చెయ్యవలసిన పనులు కొన్ని ఉన్నాయనీ, వాటిలో మొదటిది గడప దగ్గర ఆగినవాడిని నెట్టకపోవడమనీ కొత్తగా చేర్చాను. జరిగిన కథ చెబుతూ ఆవు దగ్గరికి వచ్చేసరికి సభ నవ్వడం మొదలుపెట్టింది. గంట మోగినా వినబడలేదు. సమయం మించిందని మార్కులు తగ్గించారు. ఓడిపోయి అంత ఆనందంగా నేను ఎప్పుడూ ఇంటికి రాలేదు.

ఆదివారం జనం వచ్చారు. అప్ప పట్టుబట్టడంతో నాన్న కూడా వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, ఎక్కడైనా పగులు దొరుకుతుందేమోనని వెతికే చూపుతో నడిచారు. జిరాఫీ తలుపు దగ్గర మాత్రం ఒక క్షణం ఆగి, మెడ ఎత్తి చూసి, “ఫరవాలేదు” అన్నారు. మేం నీటిగుర్రం గోడ దగ్గరికి వచ్చేసరికి అది నీళ్ళలోంచి లేచి, గడ్డి మీదుగా మా వైపు నడిచి వస్తోంది. నాన్న రెండడుగులు వెనక్కి వేసి, అప్పను చేత్తో వెనక్కి లాగారు.

“ఏటల్లుడూ ఇది! దానికీ మనకీ మజ్జిన ఏటీ నేదేటి?”

బావ మొహం చూడాలి. ఊచలు వద్దని అతను అందరితో పోట్లాడింది ఈ ఒక్క ప్రశ్న వినడానికే.

“ఉంది మావా. కిందికి సూడండి.”

నాన్న నెమ్మదిగా గోడ దగ్గరికి వచ్చి వంగి కందకం చూశారు. ఫోర్‌మన్ కళ్ళతో దాని లోతూ, వాలూ, నీళ్ళు పోయే తూమూ చూశారు. వాలుగట్టు మీది గీతలు చూసి, “ఇది హార్బరుదే కదేటి” అన్నారు. బావ తల ఊపాడు. నాన్న ఇంకేదో అనబోయారు. అంతలో నీటిగుర్రం కందకం అవతల ఆగి, మాకు వీపు తిప్పి, పొట్టి తోకను ఫ్యానులా గిరగిరా తిప్పి పేడ చిమ్ముతూ, తన ఇంటి హద్దులను తానే నిర్ణయించుకునే కార్యక్రమం మొదలుపెట్టింది.

అది ఎక్కడానికి వీల్లేకుండా కందకం కట్టాడు మా బావ. విసిరినది దాటకుండా కట్టలేదు.

జనం కేకలు పెట్టి చెల్లాచెదురయ్యారు. వంగి ఉన్న నాన్న మాత్రం దొరికిపోయారు. తెల్ల చొక్కా మీద పచ్చటి చుక్కలు. అప్ప పైట నోట్లో కుక్కుకుంది. నాన్న చొక్కా వంక చూసుకుని, నీటిగుర్రం వంక చూసి అన్నారు.

“దీనికి ఇల్లు బాగా నచ్చినట్టుంది అల్లుడూ.”

కుళాయి దగ్గర కడిగినా వాసన పోలేదు. తిరుగు బస్సులో మా చుట్టూ సీట్లు ఖాళీ అయ్యాయి. కండక్టరు ముక్కు మూసుకుని, “ఏటి బాబూ, ఎక్కడినుంచి ఇలగొత్తన్నారు?” అని అడిగాడు.

నాన్న కిటికీలోంచి కొండను చూస్తూ, బస్సంతా వినబడేలా జవాబిచ్చారు.

“మా అల్లుడు ఇల్లు కట్టాడు. గురుపెవేశానికెల్లొత్తన్నాం.”